బ్యాటరీ గేటు రోడ్డులో రద్దీ

"ఈ క్షణం నుంచి మన ఛానెల్‌కి సంపూర్ణ స్వేచ్ఛ ఇస్తున్నాను" అని ఛైర్మన్‌గారు ప్రకటించారు. "మీరు ఎవరికీ భయపడక్కర్లేదు. ఎవరి మొహమూ చూడక్కర్లేదు. నిజాన్ని నిర్భయంగా చెప్పండి. ఏది నిజమో సాయంత్రంలోగా మెయిల్ వస్తుంది."

న్యూస్‌రూమ్ చప్పట్లతో మారుమోగిపోయింది. ఛైర్మన్‌గారు ఛానెల్‌ని కొని అప్పటికి నాలుగు గంటలే అయింది. అంతకుముందు ఆయనకి ఒక బ్యాటరీల ఫ్యాక్టరీ, రెండు పెద్దాసుపత్రులు, పదకొండు స్కూళ్లు, ఊరి చివర కట్టీ కట్టని అపార్టుమెంట్లు మాత్రమే ఉండేవి. నిజం ఒక్కటే తక్కువగా ఉండేది. ఆ పొద్దున సంతకాలు కాగానే అదీ సమకూరింది. ఇంత చేసిన మనిషి ఆ రోజు ఒక్క కప్పు టీ తాగి, ఎవరినీ ఉద్యోగంలోంచి తీసెయ్యకుండానే వెళ్లిపోయారు.

చప్పట్లు కొట్టినవాళ్లలో అందరికంటే వెనక, ప్రింటర్ పక్కన నిలబడ్డ మనిషిని ఆఫీసులో అందరూ రద్దీ అంటారు. పదహారేళ్లుగా ఆయన ట్రాఫిక్ వార్తలు చదువుతున్నాడు. ఉదయం మూడు నిమిషాలు, సాయంత్రం మూడు నిమిషాలు. ఏ కూడలిలో బండ్లు ఆగిపోయాయో, ఏ వంతెన మీద లారీ అడ్డం తిరిగిందో చెబుతాడు, నమస్కారం పెడతాడు, ఇంటికి పోతాడు. ఒకరి జోలికి పోయే రకం కాదు. ఆ పదహారేళ్లలో ఒక్క లారీ కూడా ఆయన మీద కేసు వెయ్యలేదు.

అన్న ప్రకారమే సాయంత్రం ఆరింటికి మెయిల్ వచ్చింది. చీఫ్ ఎడిటర్‌గారు అందరినీ పిలిచి పైకి చదివారు. ఆయన సామాన్యుడు కాదు. ఐదుగురు యజమానుల కింద పనిచేసినా ఒక్కసారి కూడా అభిప్రాయం మార్చుకోని నిబద్ధత ఆయనది. యజమాని అభిప్రాయమే తన అభిప్రాయమన్నది ఆయన అభిప్రాయం. దాని మీదే ముప్పై ఏళ్లుగా నిలబడి ఉన్నారు.

మెయిల్‌లో రెండు గడుల పట్టిక ఉంది. ఎడమ గడి మీద "బయటివారి సంస్థ" అని, కుడి గడి మీద "మన సంస్థ" అని రాసి ఉంది. జనం బయటివారి సంస్థ ముందు కూర్చుంటే అది ఉద్యమం, మన సంస్థ ముందు కూర్చుంటే రద్దీ. అక్కడ నినాదాలిస్తే ప్రజాగ్రహం, ఇక్కడిస్తే హారన్ మోత. అక్కడ పోలీసులు లాఠీ ఎత్తితే దమనకాండ, ఇక్కడ ఎత్తితే క్రమబద్ధీకరణ. అక్కడ అన్నం మానేసి కూర్చున్నవాళ్లు త్యాగమూర్తులు, ఇక్కడ అదే పని చేసినవాళ్లు భోజన వేళలు పాటించని పాదచారులు. పట్టికని ప్రింటు తీసి కంప్యూటర్ పక్కన అంటించుకోవాలని కింద ఒక సూచన కూడా ఉంది.

"సార్, కుడి గడిలో ఉన్నవన్నీ ఏ డెస్క్ చూడాలి? పాలిటిక్సా, సిటీయా?" అని ఎవరో అడిగారు.

ఎడిటర్‌గారు కళ్లజోడు పైకి జరుపుకున్నారు. "మనుషులు రోడ్డు మీద ఉంటారు. కదలరు. వెనక బండ్లు ఆగిపోతాయి. ఇది ఏ డెస్క్ పనో ఇంకా విడమరిచి చెప్పాలా?"

నలభై తలలు ఒక్కసారిగా ప్రింటర్ వైపు తిరిగాయి. రద్దీ కూడా తిరిగి చూశాడు. తన వెనక గోడ తప్ప ఇంకెవరూ లేరు.

ఆ రోజుతో ట్రాఫిక్ డెస్క్ దశ తిరిగింది. ఛైర్మన్‌గారి ఆసుపత్రిలో నర్సులు జీతాలు పెంచమని మెట్ల మీద కూర్చుంటే, "పెద్దాసుపత్రి మెట్ల మీద తెల్లబట్టల రద్దీ, రోగులు లిఫ్టు వాడుకోవాలి" అని రద్దీ రాశాడు. ఛైర్మన్‌గారి స్కూళ్ల టీచర్లు సాయంత్రం కొవ్వొత్తులు పట్టుకుని నడిస్తే, "మందకొడిగా కదులుతున్న ట్రాఫిక్, లైట్ల వెలుతురు చాలడం లేదు" అని చెప్పాడు. ఫ్లాట్లు కొనుక్కుని తలుపులు, కిటికీలు లేక మండిపోయినవాళ్లు కంపెనీ ఆఫీసులో బైఠాయిస్తే, "మూడో అంతస్తులో ట్రాఫిక్ స్తంభించింది" అని ప్రకటించాడు. మూడో అంతస్తులోకి ట్రాఫిక్ ఎలా వచ్చిందని ఊళ్లో ఒక్కరు కూడా అడగలేదు. టీవీలో వచ్చాక అడిగేదేముంది?

ఎడిటర్‌గారు పొంగిపోయారు. "నీలాంటివాడిని పదహారేళ్లు మూడు నిమిషాల్లో కుక్కాం. మా కళ్లు మూసుకుపోయాయయ్యా" అని భుజం తట్టారు. బులెటిన్ మూడు నిమిషాల నుంచి అరగంటకి పెరిగింది. రద్దీకి చక్రాల కుర్చీ, సొంత టేబుల్ వచ్చాయి. జనం కూడా గట్టివాళ్లే, ఊళ్లో ధర్నా ఎక్కడ జరుగుతోందో తెలియాలంటే మన ట్రాఫిక్ బులెటిన్ చూడాలని కనిపెట్టారు. చూసి అక్కడికి వెళ్లసాగారు. దాంతో రద్దీ పెరిగింది, రద్దీతో పాటు రేటింగూ పెరిగింది.

ఇంతవరకు అంతా సవ్యంగానే ఉంది. చిక్కల్లా బ్యాటరీ గేటు రోడ్డుతో వచ్చింది. రద్దీ కాపురం ఆ రోడ్డులోనే.

ఛైర్మన్‌గారి ఫ్యాక్టరీలో బ్యాటరీల్లో పెట్టే సీసం పలకలు కడిగిన నీళ్లను ట్యాంకర్లలో నింపి కాలనీ వెనకున్న పాత కాలవలో వదిలేస్తారు. ఆ కాలవకి ఇరవై అడుగుల దూరంలో కాలనీ కుళాయిలకి నీళ్లిచ్చే బోరు ఉంది. ఏడాదిగా కుళాయి తిప్పితే తుప్పు వాసన. పిల్లల చేతుల మీద పుండ్లు. రద్దీకి ఒక్కతే కూతురు, ఆరేళ్లది. వేళ్ల సందుల్లో చర్మం లేచిపోయి పెన్సిల్ పట్టుకోలేక బడిలో ఏడ్చేది. ఆ చేతులకి మందు రాస్తూ ఆ పిల్ల మొహం చూడలేక, గోడ మీది క్యాలెండర్ వంక చూసేవాడు రద్దీ.

ఆయన క్యాలెండర్ చూస్తుండగా ఆయన అత్తగారు లెక్క రాసుకున్నారు. ఆవిడ రిటైరైన నర్సు. కూతురి దగ్గరే ఉంటున్నారు. ఇల్లిల్లూ తిరిగి ఇరవై మూడు మంది పిల్లల పుండ్లు, తేదీలు నోటుబుక్కులో రాసి, ఆ పుస్తకం పట్టుకుని ఫ్యాక్టరీ మేనేజరు దగ్గరికి వెళ్లారు. ఆయన సబ్బు మార్చి చూడమన్నాడు. మర్నాడే ఆవిడ కాలనీవాళ్లు అరవై మందిని వెంటేసుకుని ఫ్యాక్టరీ గేటు మలుపులో టెంట్ వేసుకుని కూర్చున్నారు. ట్యాంకర్లు బయటికి రావడానికి అదొక్కటే దారి. అవి లోపలే ఆగిపోయాయి.

రెండో వారానికి కుళాయి వాసన తగ్గింది. నాలుగో వారానికి రద్దీ కూతురి చేతులు మానుతూ లేత గులాబీ రంగుకి తిరిగాయి. ఒక రోజు బడి నుంచి వచ్చి, పేజీ నిండా తన పేరు రాసి చూపించింది. రద్దీ ఆ పేజీ చింపి జేబులో పెట్టుకుని ఆఫీసుకి వెళ్లాడు. కానీ అరవై మంది ఎన్నాళ్లు కూర్చుంటారు? టెంట్ లేచిన రోజున ట్యాంకర్లు మళ్లీ బయల్దేరతాయి. కాలుష్యం ఆఫీసువాళ్లు వచ్చి, కుళాయి నీళ్లు సీసాలో పట్టి, పరీక్ష చేసి, ట్యాంకర్లు ఆపమని కాగితం ఇస్తే తప్ప ఇది తెగదు. అందుకని అత్తగారు అల్లుడిని వెంటబెట్టుకుని కాలుష్యం ఆఫీసుకి వెళ్లారు.

తనిఖీ అధికారి చాలా మర్యాదస్తుడు. గోడకి పెద్ద టీవీ ఉంది. దానికి ఎదురుగా కూర్చోవడం వల్ల వచ్చినవాళ్ల వైపు కొంచెం పక్కగా తిరిగి మాట్లాడతారు.

"ఫిర్యాదు ఎంత బాగా రాశారమ్మా! అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి" అన్నారు.

"తనిఖీకి ఎప్పుడొస్తారండీ?" అన్నారు అత్తగారు.

"టీవీలో రాగానే."

"నీళ్లు కుళాయిలో వస్తున్నాయి. టీవీలో ఎందుకు రావాలి?"

"అమ్మా, మా పైవాళ్లు టీవీ చూసి మమ్మల్ని అడుగుతారు. అడిగితే మేం వెళ్తాం. టీవీలో రానిదానికి వెళ్తే, లేని సమస్య దగ్గరికి జీపు ఎందుకు తీశావని తగులుకుంటారు. నా ఇబ్బంది మీరూ అర్థం చేసుకోవాలి."

"మా అల్లుడుగారు టీవీలోనే పనిచేస్తారు."

"అలాగా! ఏ డెస్క్?"

"ట్రాఫిక్" అన్నాడు రద్దీ నేల చూపులు చూస్తూ.

అధికారి దిగ్గున లేచి రెండు చేతులూ పట్టుకున్నారు. "మీరేనా! మా ఆవిడ మీ బులెటిన్ చూడందే గడప దాటదండీ. ఇంకేం మరి, సమస్య ఇంట్లో, టీవీ ఇంట్లో. ఒక్క నిమిషం చూపించండి, మర్నాడే జీపు మీ గుమ్మంలో ఉంటుంది."

అల్లుడిని ఇరకాటంలో పెట్టడం ఇష్టంలేక అత్తగారు ముందు పక్క ఛానెల్‌కి ఫోన్ చేశారు. పక్క ఛానెల్ రిపోర్టర్ రెక్కలు కట్టుకుని వాలింది. నోటుబుక్కు చూసి కళ్లు తుడుచుకుంది, పిల్లల చేతులు దగ్గరగా తీయించింది, ఈ దేశంలో అడిగే దిక్కే లేదా అని కెమెరాలోకి గర్జించింది. కాలనీ మొత్తం మూడు రోజులు టీవీ ముందు కూర్చుంది. ఏమీ రాలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, పక్క ఛానెల్ యజమానికి ఐదొందల బస్సులున్నాయి, ఆ బస్సులన్నీ మన ఛైర్మన్‌గారి బ్యాటరీలతోనే స్టార్టవుతాయి. రిపోర్టర్ మాత్రం చాలా నొచ్చుకుని, తనని క్రీడల డెస్క్‌కి మార్చారని ఫోన్ చేసి చెప్పింది.

"ఊళ్లో ప్రతి లారీ గురించీ పదహారేళ్లు చెప్పారు" అంది రద్దీ భార్య ఆ సాయంత్రం. "ఇంటి ముందు మా అమ్మ నెల్లాళ్లుగా కూర్చుంటే ఒక్క మాట చెప్పలేరేమండీ?"

"అది లారీ కాదు కదే" అన్నాడు రద్దీ. అన్నాక తనకే సిగ్గేసింది.

మర్నాడు గుండె చిక్కబట్టుకుని ఎడిటర్‌గారి గదిలోకి వెళ్లాడు.

"సార్, బ్యాటరీ గేటు రోడ్డులో రద్దీ ఉంది."

"మన గేటేనా?"

"మన గేటే సార్."

"అయితే చూపించు. రద్దీని దాచుకోవాల్సిన ఖర్మ మనకేం పట్టింది? స్వేచ్ఛ ఉంది కదా."

"కారణం కూడా చెప్పాలి కదా సార్."

"చెప్పు. ఏమిటి కారణం?"

"నీళ్లు సార్."

ఎడిటర్‌గారు పెన్ను కింద పెట్టారు. "నీళ్లంటే?"

నోటి దాకా వచ్చిన మాట ఒకటుంది. కుళాయి అనేది చిన్న మాటే. దాన్ని బయటికి నెట్టడానికి రద్దీ రెండుసార్లు ప్రయత్నించాడు. అప్పుడు పదహారేళ్ల అనుభవం అడ్డుపడి ఆదుకుంది. "రోడ్డు మీద నీళ్లు నిలిస్తే బండ్లు ఆగిపోతాయి కదా సార్" అన్నాడు.

"ఓస్, అదా! హడలగొట్టావయ్యా" అని ఎడిటర్‌గారు కుర్చీలో వెనక్కి వాలారు. "నీళ్లు నిలవడం శుద్ధ ట్రాఫిక్ విషయం. భేషుగ్గా చెప్పు."

"ఒక బైట్ కూడా తీసుకుంటాను సార్. అక్కడుండే ఒక పెద్దావిడ చేత కెమెరా ముందు రెండు మాటలు చెప్పిస్తాను."

"పెద్దావిడలు పట్టికలో లేరు. వాహనదారులు ఉన్నారు."

"వాహనదారే సార్."

"ఏ వాహనం?"

"స్కూటర్ సార్."

"హెల్మెట్ పెట్టించు. నిబంధనలు పాటించేవాళ్లనే మన ఛానెల్ చూపిస్తుంది."

ఆ మధ్యాహ్నం టెంట్ మధ్యలో పక్కింటివాళ్ల స్కూటర్ నిలబెట్టారు. అత్తగారికి హెల్మెట్ ఇచ్చారు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"అల్లుడుగారూ, నాకు సైకిల్ తొక్కడం కూడా రాదు."

"తొక్కక్కర్లేదు అత్తయ్యా. ఆగిపోతే చాలు."

"పిల్లల పుండ్ల సంగతి ఎప్పుడు చెప్పాలి?"

"నీళ్లు అనండి. అధికారి తెలివైనవాడు, అర్థం చేసుకుంటాడు. ఆయన జీపు ఎక్కడమే మనక్కావాలి. ఇక్కడికి వచ్చాక చేయి పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకుపోదాం."

అల్లుడి తెలివి మీద అత్తగారికి ఎప్పుడూ గొప్ప అభిప్రాయం లేదు. మనవరాలి చేతుల మీద మాత్రం ప్రాణం. చీర కొంగు నడుముకి దోపి, స్కూటర్ ఎక్కి, హెల్మెట్ పెట్టుకున్నారు. అరవై మందీ అట్టల మీద రాసుకున్న నినాదాలు వెనక్కి తిప్పి పట్టుకున్నారు. కెమెరామన్ యాభై దాటినవాడు, లోకం చూసినవాడు. ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా ఫోకస్ చూసుకున్నాడు.

"మేడమ్, మీరు ఇక్కడ ఎంతసేపటి నుంచి ఆగిపోయారు?" అని అడిగాడు రద్దీ.

"ముప్పై తొమ్మిది రోజుల నుంచి."

"ఎక్కడికి వెళ్లాలి?"

"కాలుష్యం ఆఫీసుకి."

"ఎందువల్ల ఆగిపోయారు?"

"నీళ్ల వల్ల" అన్నారు అత్తగారు. హెల్మెట్‌లోంచి ఆవిడ గొంతు బొంగురుగా వచ్చింది. "ఆ నీళ్ల గురించి పట్టించుకునే నాథుడు లేడు. పెద్దవాళ్లెవరైనా ఒక్కసారి వచ్చి చూడండి. మీకు పుణ్యం ఉంటుంది."

సాయంత్రం ఆరున్నర బులెటిన్‌లో అది నిమిషం నలభై సెకన్లు వచ్చింది. కాలనీలో ఈలలు వేశారు. "అమ్మమ్మ! హెల్మెట్!" అని రద్దీ కూతురు మంచం మీద గెంతింది. భార్య చాలా రోజుల తర్వాత ఆయన వంక చూసి నవ్వింది. రద్దీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. బతుకులో మొదటిసారి ఒక వార్త చెప్పానని అనుకున్నాడు.

ఆ వార్త అక్కడితో ఆగలేదు. గంట తిరక్కుండా ఊరంతా పాకింది. ముప్పై తొమ్మిది రోజుల ట్రాఫిక్ జామ్ ప్రపంచంలో ఎక్కడైనా ఉందా అని ఒక చర్చ. హెల్మెట్ వల్ల కలిగే లాభాల మీద ఒక చర్చ. పక్క ఛానెల్ కూడా ఈసారి వెనకబడకుండా, నీళ్లు నిలిచిన రోడ్ల మీద గంటసేపు గర్జించింది. రోడ్ల మంత్రిగారు మర్నాడు పొద్దున్నే విలేకరుల ముందుకొచ్చి కళ్లు ఒత్తుకున్నారు. "ఆ తల్లి ముప్పై తొమ్మిది రోజులుగా హెల్మెట్ తియ్యలేదు. తీస్తే నిబంధన తప్పినట్టవుతుందని ఆవిడ భయం. అలాంటి పౌరులున్న చోట మంత్రిగా ఉండడం నా అదృష్టం. ఇరవై నాలుగు గంటల్లో ఆ రోడ్డు ఖాళీ అవుతుంది. కాలుష్యం ఆఫీసువాళ్లు కూడా వెళ్లి చూస్తారు" అన్నారు.

ఛైర్మన్‌గారు రద్దీని తన గదికి పిలిపించారు. గది ఎంత పెద్దదంటే, తలుపు దగ్గర పెట్టిన నమస్కారం బల్ల దాకా చేరడానికి కొంత టైము పట్టింది.

"నా గేటు ముందు ఇంత ట్రాఫిక్ సమస్య ఉందని ఇన్నాళ్లూ నాకు ఒక్కడంటే ఒక్కడు చెప్పలేదయ్యా" అన్నారు ఛైర్మన్‌గారు. ఆయన గొంతు నిజంగానే బరువెక్కింది. "నా ట్యాంకర్లు కూడా అందులోనే ఇరుక్కున్నాయట. మేనేజర్లు ఎందుకూ పనికిరారు. జర్నలిజమంటే ఇదీ. నా కళ్లు తెరిపించావు."

"సార్, అక్కడ ఉన్నది ట్రాఫిక్..." అని రద్దీ మొదలుపెట్టాడు. "కాదు" అన్న మాట మిగిలింది.

"ట్రాఫిక్కే. చూశానుగా" అన్నారు ఛైర్మన్‌గారు. "రేపు క్లియర్ చేసేటప్పుడు నువ్వే లైవ్ ఇవ్వు. మన ఛానెల్ ఎఫెక్ట్ అని రోజంతా వేద్దాం. ఇంకా ఏమైనా చెప్పాలా?"

"లేదు సార్."

ఇంటికి ఫోన్ చేశాడు. "రేపు వస్తున్నారు అత్తయ్యా" అన్నాడు.

"తనిఖీవాళ్లేనా?"

"వాళ్లూ వస్తున్నారు."

"మరింకెవరు?"

సిగ్నల్ సరిగ్గా లేదని రద్దీ ఫోన్ పెట్టేశాడు. సిగ్నల్ నిక్షేపంలా ఉంది.

మర్నాడు పదింటికి రోడ్ల మంత్రిగారు, మంత్రిగారి వెనక నాలుగు వ్యాన్ల పోలీసులు, పోలీసుల వెనక రెండు క్రేన్లు దిగాయి. పని చాలా శాస్త్రీయంగా జరిగింది. ముందు టెంట్ గుంజలు పీకి కట్ట కట్టారు. తర్వాత కూర్చున్నవాళ్లని ఒక్కొక్కరిని నలుగురేసి ఎత్తి వ్యాన్లలో పెట్టారు. "ఆగిన వాహనాలని రద్దీ లేని ప్రాంతానికి తరలిస్తున్నారు" అని రద్దీ లైవ్‌లో చెప్పాడు. పక్కింటి ముసలాయన చొక్కా చిరిగి, చెప్పు ఒకటి రోడ్డు మీద పడిపోయింది. "స్వల్ప క్రమబద్ధీకరణ" అన్నాడు. ఆయన గొంతు ఎక్కడా వణకలేదు, పదహారేళ్ల అలవాటు మరి. చెవిలో ఎడిటర్‌గారు శభాష్ శభాష్ అంటూనే ఉన్నారు. పావుగంటలో రోడ్డు అద్దంలా ఖాళీ అయింది.

అత్తగారిని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఆవిడ మన ఛానెల్ వాహనదారు. హెల్మెట్ పెట్టుకోమని బతిమాలి, మంత్రిగారు స్వయంగా పూలగుచ్ఛం ఇచ్చి, ఫొటో దిగి, "ఇక మీరు హాయిగా కాలుష్యం ఆఫీసుకి వెళ్లొచ్చమ్మా. దారిలో ఎవరూ లేరు" అన్నారు.

"దారిలో ఉన్నవాళ్లని ఎక్కడికి తీసుకుపోయారు?" అని అడిగారు అత్తగారు.

మంత్రిగారికి వేరే చోట ప్రారంభోత్సవం ఉంది. కారెక్కేశారు.

అదే సమయానికి మంత్రిగారు చెప్పిన ప్రకారం తనిఖీ అధికారి జీపు వచ్చి ఆగింది. ఆయన దిగీ దిగగానే అట్టకి తగిలించిన ఫారం బయటికి తీశారు. దాని మీద ఛానెల్ పేరు, ప్రసారమైన సమయం, ప్రసారంలో చెప్పిన సమస్య అని మూడు గడులున్నాయి. మూడూ నింపే ఉన్నాయి. మూడో గడిలో "రోడ్డు మీద నీరు" అని ఉంది. అధికారి వంగి రోడ్డు చూశారు. ఒక చోట చేత్తో తడిమి చూశారు. ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి, తిరిగొచ్చి రాసుకున్నారు.

"చుక్క నీరు లేదు" అన్నారు తృప్తిగా. "ఫిర్యాదు పరిష్కారమైంది. ఇక్కడ సంతకం పెట్టండమ్మా."

"అయ్యా, నీళ్లు రోడ్డు మీద కాదు. మా కుళాయిలో" అన్నారు అత్తగారు. "పది అడుగులు లోపలికి రండి. సీసా కూడా సిద్ధంగా పెట్టాను. మీకు చేతులెత్తి దణ్ణం పెడతాను."

అధికారి నిజంగానే జాలిపడ్డారు. "వచ్చేవాణ్ణే అమ్మా. కానీ కుళాయి టీవీలో రాలేదు కదా."

"టీవీ ఇక్కడే ఉంది" అని అత్తగారు అల్లుడి వైపు తిరిగారు. "ఇప్పుడు లైవే కదా అల్లుడుగారూ? ఆయన ఎదురుగానే ఉన్నారు. చెప్పండి. ఇంకెవరి సంగతీ వద్దు, మీ కూతురి చేతుల సంగతి ఒక్కటి చెప్పండి."

కెమెరామన్ కెమెరా దించలేదు. మొదటిసారి తలెత్తి రద్దీ మొహంలోకి చూశాడు. చెవిలో ఎడిటర్‌గారి గొంతు మోగింది. "ముగించవయ్యా. రోడ్డు ఎలా ఉందో ఒక్క మాట చెప్పి స్టూడియోకి ఇచ్చెయ్. వెనక ఛైర్మన్‌గారు నిలబడి చూస్తున్నారు."

ఇంటి గుమ్మంలో రద్దీ భార్య నిలబడి ఉంది. ఆవిడ పక్కన కూతురు. నాన్న కెమెరా ముందున్నాడు గనక తానూ టీవీలో కనిపించాలని ఆ పిల్ల రెండు చేతులూ పైకెత్తి ఊపుతోంది.

రద్దీ మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. అధికారి పెన్ను పట్టుకుని ఎదురు చూశారు. చేతులు ఊపుతున్న పిల్ల వైపు చూడకుండా, రద్దీ కెమెరాలోకి చూశాడు.

"బ్యాటరీ గేటు రోడ్డు ప్రస్తుతం పూర్తిగా ఖాళీగా ఉంది" అన్నాడు.

వెనక హారన్ మోగింది. మొదటి ట్యాంకర్ గేటు దాటి మలుపు తిరుగుతోంది. అత్తగారు హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, ట్యాంకర్‌కి అడ్డం లేకుండా పక్కకి జరిగారు.